వీధంతా నిద్రపోయిన రోజు

ఆ రోజుల్లో నాకు లోకం మీద ఉన్నంత అనుమానం పోలీసులకు కూడా ఉండేది కాదేమో. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, కాశీబుగ్గలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న పిల్లని. అంగన్‌వాడీ టీచరుగా చేసే మా పిన్నికి ఓటర్ల జాబితా సరిచూసే పని అంటగట్టారు. ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. "నువ్వు ఇల్లిల్లూ తిరిగి గురుతులు ఎట్టీవే, సంతకం నేను సేత్తాను" అంది. (ఇది రూలు కాదని నాకు ఇప్పుడు తెలుసు. పిన్నికి అప్పుడే తెలుసు.) చనిపోయినవాళ్లు, ఊరు వదిలిపోయినవాళ్లు, రెండుచోట్ల పేరున్నవాళ్లు, ఈ మూడు రకాల దొంగలను పట్టుకోవడమే నా పని అని నేను అర్థం చేసుకున్నాను. చనిపోయినవాళ్లను దొంగలనడం తప్పని నాకు తోచనే లేదు.

అప్పటికి మా పలాస నియోజకవర్గం కొత్తది. హద్దులు మార్చినప్పుడు సోంపేట సీటు ఎత్తేసి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను ఒక గాటన కట్టారు. మందస కొండల్లో సవరలు, మధ్యలో కొబ్బరి, జీడి తోటల ఉద్దానం, టౌనులో జీడిపప్పు వ్యాపారాలు, అంచున సముద్రం మీద బతికేవాళ్లు. ఒకరి గడప ఒకరు తొక్కని ఇంతమంది కలిసి ఒక్క ఎమ్మెల్యేని ఎన్నుకోవాలి. "ఓడిపోయినోడు తోటలోళ్లు ముంచీసారంటాడు, తోటలోళ్లు ఒడ్డోళ్లు ముంచీసారంటారు" అనేవారు మా నాన్న, ఆదివారం చర్చి నుంచి వస్తూ. అంచేత పిన్ని చేతిలో ఉన్నది సముద్రపు ఒడ్డువాళ్ల జాబితా అనగానే నా అనుమానం మరింత ముదిరింది.

అక్కుపల్లి దాటాక ఒక చిన్న పల్లె. మొదటి ఇంట్లో నేను నోరు తెరిచేలోపే ఒకావిడ మూత బిగించిన సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "మొన్న ఇచ్చినదానికే రిపోర్టు రానేదు, మల్లీ ఏటి?" అంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే కదా, కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా ఒంటేలు పరీక్ష కోసమే వచ్చారనుకుంటారు. (సీసా ఇంకా వెచ్చగానే ఉంది.) నేను ఓట్ల మనిషినని చెప్పగానే ఆవిడ మొహం మరీ ముడుచుకుపోయింది. సీసా లాక్కుంది.

"మీ ఆయన ఉన్నారా?" అన్నాను.

"నోపల తొంగున్నాడు."

పక్కింట్లో అడిగాను. తొంగున్నాడు. ఆ పక్కన, తొంగున్నాడు. పొద్దున్న పదకొండు గంటలకు వీధి వీధంతా మగవాళ్లు నిద్రపోతున్నారు, ఒక్క గురక వినిపించదు. నాకు పాపం ఒళ్లంతా చెవులైపోయాయి. నాలుగో ఇంటి ముందు పిన్ని ముందే హెచ్చరించిన ముసలావిడ కూర్చుని ఉంది. వచ్చినవాళ్ల ఏడుతరాలూ ఆరా తీస్తుంది కనుక ఊరంతా ఆమెను వాకబు మామ్మ అంటారు.

"ఎవులమ్మాయివి? ఎవుడు పంపినాడు? మా సీటు పేరు మార్చీసినపుడు మమ్మల్ని అడిగినారేటి? ఇప్పుడేటి మార్చడానికొచ్చినావు?"

"మీ అబ్బాయిని ఒకసారి చూడాలి మామ్మా" అన్నాను, పట్టు వదలకుండా.

లోపల మంచం మీద ఒక మనిషి నిండా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పాదాలు మాత్రం బయటికి. ఎడమకాలి బొటనవేలికి పసుపు గుడ్డ. సరేనని వెనక్కి వెళ్లి, మూడో ఇంట్లో కూడా చూస్తానన్నాను. అక్కడి మనిషికీ ఎడమకాలి బొటనవేలికి పసుపు గుడ్డే. రెండో ఇంటికి పరుగున పోయేసరికి దుప్పటి ఎగిరెగిరి పడుతోంది. లోపలున్నవాడు పెరటిదారిన నాకంటే ముందు పరిగెత్తి వచ్చి రొప్పుతున్నాడు. కాలికి దెబ్బ తగిలి ఊళ్లో ఉండిపోయిన ఒకే ఒక్క మగాడిని, మామ్మ కొడుకుని, ఆ ఆడవాళ్లు ఇంటింటికీ మొగుడిని చేసేశారు!

నేను విజయగర్వంతో మొదటి మూడు ఇళ్ల మగవాళ్ల పేర్ల పక్కన "ఊరు వదిలారు" అని రాసేశాను. వాకబు మామ్మ ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది.

"నివ్వు రాసింది సదువు" అంది. చదివాను.

"అవును పాపా, అబద్దమే ఆడినాం. మా మగోలంతా గుజరాత్ రేవుల్లో బోట్ల మీదున్నారు. ఊల్లో నేరని తెలిత్తే పేరు కొట్టీత్తారని ఎవుడో సెప్పినాడు. సముద్రంలో దేశానికి దేశానికీ మద్దిన గీత ఎవుడికి కనిపిత్తాది? గాలికి అటు కొట్టుకుపోయి పైదేశపోలు పట్టుకుంటే, ఈడు మా ఊరోడే అని సూపించడానికి ఏటున్నాది మాకాడ? పొలమా, పట్టాయా? ఆ కాయితంలో పేరొక్కటే. అది కొట్టీసి నివ్వు బస్సెక్కీసి ఎలిపోతావు."

కాగితాలు మడిచి, ఆవిడ అన్నట్టే బస్సెక్కేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం చెప్తే పిన్ని నా నెత్తిన ఒక్కటి మొట్టింది. "మనిసి పనికెల్తే ఇల్లు ఎల్లిపోద్దేటే? పెళ్లాం పిల్లలు ఈడే ఉన్నారా? తిరిగి ఈడికే వత్తాడా? మరింకేటి! ఊళ్లోనోడే. రూలు కూడా అదే." మర్నాడు కొత్త కాగితాలతో వెళ్లి, "మగవాళ్లు లేకపోయినా పేరుంటుంది, నిజం చెప్పండి" అన్నాను. ఎవరూ నమ్మలేదు. నిన్న ఉండాలన్న పిల్ల ఇవాళ లేకపోయినా పరవాలేదంటోంది, ఇందులో ఏదో మెలిక ఉంది! "నిన్న తొంగున్నోడు ఇంకా లెగనేదు" అందొకావిడ, కళ్లార్పకుండా.

ఆఖరికి వాకబు మామ్మే నా పక్కన చతికిలబడి, "ఒక్కో పేరూ గట్టిగా సదువు, అందరూ ఇంటారు" అంది. చదివాను. ఒక్కో పేరుకీ ఒక్కో భార్యో తల్లో "ఉన్నాడు" అంది. పసుపు గుడ్డవాడు కూడా వచ్చి తన పేరుకి తనే "ఉన్నాను" అన్నాడు. ఒకావిడ మాత్రం రెండుసార్లు అంది, మొదటిసారి నాకు వినపడలేదేమోనని. ఒక్క పేరూ పోలేదు.

మొన్నీమధ్య మా ఇంటికి జాబితా పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. మా ఆయన ఉద్యోగం మీద భువనేశ్వర్‌లో ఉంటారు, నెలకొకసారి వస్తారు. రూలు నాకు కంఠతా వచ్చు. అయినా ఆ అమ్మాయి పెన్ను మూత తీసి, "సారున్నారా అండీ?" అనగానే నా నోటి నుంచి "లోపల పడుకున్నారు" అని వచ్చేసింది. ఆ పిల్ల నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. అచ్చం నా చూపే. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఏదో రాసుకుని వెళ్లబోతుంటే, ఆపి, "ఏం రాశావమ్మా? ఒకసారి చదువు" అన్నాను.

విసుగ్గా మా ఆయన పేరు చదివింది.

"ఉన్నారు" అన్నాను. వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను.