ఇంజిన్ వెనకున్న కారు

మా ఇనుపగనుల ఊరు కిరండూల్‌కి రేసు కారొచ్చిందన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది గనిలో రాయి మోసే పెద్ద లారీ, డంపర్ నడిపే మా మరిది. బళ్లకీ యంత్రాలకీ చేసే విశ్వకర్మ పూజకని గని కాంట్రాక్టరుగారి అల్లుడు రాయ్‌పూర్ నుంచి తెచ్చాడట.

"అదేటి బండొదినా, నేలమీద పాకుతోంది! నా డంపర్ టైరుకి సగం లేదు" అన్నాడు.

పూజ దగ్గర మరిదితో కలిసి చూశాను. ఎర్రటి ఒళ్లు, పిట్ట ముక్కులా వాలిన ముందు భాగం. "ఎంత ముచ్చటగా ఉందయ్యా!" అన్నాను.

"ముచ్చట సరే, ముగ్గురు కూకోడానికి సోటేదీ?"

"నీకెప్పుడూ బరువులు మోసే గొడవే. అందానికని చేసింది ఒక్కటుంటే తప్పా?"

మేమిలా వాదించుకుంటుండగానే ముసలి పంతులుగారు కారు ముక్కుకి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చారు. అల్లుడు పకపకా నవ్వాడు.

"ఇంజిన్ వెనకుంది పంతులుగారూ! మీరు పూజ చేసింది సామాన్ల డిక్కీకి!"

జనం ఘొల్లుమన్నారు. పంతులుగారు హారతి పళ్లెంతో ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంటిపట్టున నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇంజిన్ ముందే ఉంటుందని నేనూ అనుకున్నాను.

మా మరిది వెళ్లి హారతి కళ్లకద్దుకున్నాడు. "గుద్దుకుంటే దెబ్బ తగిలేది ముందరికే గదా బాబూ! దేవుడి కాపు కావలసింది అక్కడే. పంతులుగారు సరిగ్గానే చేశారు."

నవ్వులు ఆగిపోయాయి. అల్లుడు కూడా వంగి హారతి తీసుకున్నాడు.

మరిది ఇప్పుడు లేడు. అలాంటివాణ్ణి మా ఇంటికిచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. మీ ఇంట్లో దీపం వెలిగించినప్పుడు మీరూ ఒక్కసారి అతన్ని తలచుకోండి.