సెంటు అత్త లిప్‌స్టిక్, నా మూతి

ఆ రోజుల్లో యాకుత్‌పురాలో మా గల్లీకంతటికీ కలిపి ఒకటే లిప్‌స్టిక్ ఉండేది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వాళ్ల సంచుల్లో పెన్నుల కంటే లిప్‌స్టిక్‌లే ఎక్కువ, పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. మాకు మాత్రం అది గల్లీ నల్లా లాంటిది. ఎవరింట్లో పెళ్లయినా, నిశ్చితార్థమయినా అక్కడికే వెళ్లి నిలబడాలి. తేడా ఏమిటంటే నల్లా దగ్గర కొట్లాడి నీళ్లు పట్టుకోవచ్చు, లిప్‌స్టిక్ దగ్గర కొట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఎందుకంటే అది సెంటు అత్తది.

సెంటు అత్త మా బాపుకు వరసకు చెల్లెలు. మామ కువైట్‌లో లారీ నడిపేవాడు. వచ్చినప్పుడల్లా అత్తర్లూ సెంట్లూ తెచ్చేవాడు, ఆమె గల్లీ మలుపు తిరగకముందే వాసన మా గడపలోకి వచ్చి కూర్చునేది. (ఆ పేరు ఆమె వెనకాల మాత్రమే. ఎదురుగా 'అత్తా' తప్ప మరో మాట లేదు.) అలా వచ్చిందే ఆ లిప్‌స్టిక్ కూడా. బంగారు రంగు గొట్టం, మూత తీస్తే ఖరీదైన చప్పుడు. ఎండలకు కరిగిపోతుందని తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ల రంజన్ పక్కన పెట్టేది. పెదవులకు నేరుగా రాస్తే అరిగిపోతుందని అగ్గిపుల్ల వెనక కొసతో కొద్దిగా గీరి, చంటిపిల్లకు మందు నాకించినట్టు అద్దేది. "నవ్వకు, మాట్లాడకు, నీళ్లు తాగకు" అని మూడు ఆజ్ఞలు కూడా ఇచ్చేది.

దాని రంగు లేత గులాబీ, పైన వెండి మెరుపు. సెంటు అత్త పచ్చిపాల తెలుపు. ఆమె పెట్టుకుంటే పెదవులు అప్పుడే విచ్చుకున్న పూరేకుల్లా ఉండేవి. (నిజం కాబట్టి చెబుతున్నాను, ఇష్టమయ్యి కాదు.) నేను మా అమ్మ రంగు, చామనచాయకు ఇంకాస్త కింద. నేను పెట్టుకుంటే మాత్రం ఆకూ వక్కా వదిలేసి వట్టి సున్నం నాకినట్టు ఉండేది. గల్లీలో సగం మంది ఆడపిల్లలది నా రంగే. అందరం ప్రతి పెళ్లికీ సున్నం మూతులతో వెళ్లి, సున్నం మూతులతో తిరిగి వచ్చేవాళ్లం. ఫారిన్‌ది కదా, బాగాలేదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

అత్త పెద్దకూతురి నిశ్చితార్థంనాడు ఆ నోరు వచ్చింది, మా పిన్నికి. జనం మధ్య నా గదవ పట్టుకుని "ఏందే, పిల్లకు పానం మంచిగ లేదా? పెదవులన్నీ తెల్లబడ్డయి" అంది. నేను సంతోషించాను, ఇంతకాలానికి ఒక్కరైనా అడిగారని. సెంటు అత్త తాంబూలం పళ్లెం మీంచి తల కూడా ఎత్తకుండా జవాబు చెప్పింది. "అది ఫారిన్‌ది అక్కా. దానిదేం తప్పు లేదు. పిల్ల మూతిదే తప్పు."

అందరూ నవ్వారు. పిన్ని నవ్వింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు, నన్ను ఎన్నడూ చూడనివాళ్లు కూడా నవ్వారు. బాపు పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ పేపరు వణికింది, నేను చూశాను. నేను మరిచిపోయే రకం మనిషిని కాదు. చిన్నప్పుడు నాకు అటుకుల్లో పల్లీలు తక్కువ వేసినవాళ్లెవరో ఇప్పటికీ చెప్పగలను. అలాంటిది నా సొంత మూతిని పట్టుకుని తప్పు అంటే వదులుతానా? ఆ రోజే అనుకున్నాను, ఆ మాట ఆమె నోటితోనే వెనక్కి తీసుకునేలా చేస్తానని. ఎలాగో మాత్రం తెలియదు.

అప్పటికి నేను ఒక సర్కారు కార్ఖానా ఆఫీసులో టైపిస్టుగా చేరాను. కొన్నాళ్లకు సంబంధం కుదిరింది. మా అమ్మ కంటే ముందు సెంటు అత్త పైట బిగించింది. "పిల్లను నేనే తయారు జేస్త. మీరు ఫికర్ జెయ్యకుండ్రి" అంది. నాకు గోడకెక్కే ఫోటో గుర్తొచ్చింది. ఆ రోజుల్లో పెళ్లి ఫోటో అంటే చెప్పుకోవడానికి ఒకటే. పెద్దది చేయించి, చట్రం కట్టించి అత్తగారింటి గోడకు తగిలిస్తారు. ఇక ఆ ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ, నాకు పుట్టబోయే పిల్లలూ, వాళ్లకు పుట్టబోయే పిల్లలూ జీవితాంతం నా సున్నం మూతి చూస్తూ అన్నం తినాలి. "బాపూ, నేను ఆ లిప్‌స్టిక్ పెట్టుకోను" అన్నాను. బాపు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గట్లనకు బిడ్డా. ఆమె చెయ్యి వడని పెండ్లి మన గల్లీల ఉన్నదా? వద్దంటె మస్తు లొల్లయితది. ఒక్కపూట ఓర్సుకో." గోడ మీద ఒక్కపూట కాదని ఆయనకు ఎలా చెప్పను?

దారి నాకు సెంటు అత్తే చూపించింది, తెలియకుండా. పెళ్లికి పచ్చగాజుల మధ్య వేసుకోవడానికి లక్క గాజులు కొనాలని లాడ్ బజార్ తీసుకెళ్లింది. గాజుల విషయంలో ఆమెను మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరు, అది శత్రువునైనా నేనే ఒప్పుకుంటాను. చీర రంగును బట్టి గాజులు కొనేది కాదామె. చెయ్యి పట్టుకుని దుకాణం గడప దాకా లాగి, ఎండలో తిప్పి, ఆ చేతి రంగుకు ఏది నిలుస్తుందో చూసి కొనేది. నన్నూ అలాగే లాగింది. గాజులాయన అలవాటుగా మెరిసే గులాబీ జత ముందుకు తోశాడు. అత్త వాటిని నా మణికట్టు పక్కన పెట్టిందో లేదో, మిరపకాయ కొరికినట్టు ముఖం పెట్టింది.

"నై భాయ్, గులాబీ నక్కో. ఈ పోరి చేతికి గులాబీ వేస్తె చెయ్యి సచ్చిపోయినట్లుంటది. మెహరూన్ నికాలో."

ముదురు ఎరుపు గాజులు వచ్చాయి. నా మణికట్టు మీద పడగానే, నాకే ఆశ్చర్యం, నా నలుపు వెలిగింది. అత్త తల పంకించి "గిప్పుడు జూడు, చెయ్యి మాట్లాడుతున్నది" అంది. నేను మాత్రం మాట్లాడలేదు. లోపల బ్యాండు మేళం మోగుతోంది. ఆమె బేరం చేస్తుండగా ఆ జతలోంచి ఒక గాజు తీసి నా సంచిలో వేసుకున్నాను.

మర్నాడు ఆఫీసు వదలగానే బిస్కెట్‌ను వెంటబెట్టుకుని సుల్తాన్ బజార్ వెళ్లాను. (బిస్కెట్ అంటే నా పక్క మిషను టైపిస్టు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ రంగు ఆమెది. ఆ పేరు ఆమెకు ఆమే పెట్టుకుంది, నేను కాదు.) ఫారిన్ సామాన్లు అమ్మే ఫ్యాన్సీ దుకాణం సేటు నా ముఖం ఒకసారి చూసి, అడగకముందే లేత గులాబీ తీసి అద్దాల బల్ల మీద నిలబెట్టాడు.

"గిది తీస్కో బేటీ. నీ రంగుకు లైట్ కలర్ పెడితే ముఖం తెల్లగ, గోరగ కొడతది."

"ముఖం గోరగ కొట్టుడు వద్దు సేట్. నా ముఖం నా ముఖం లెక్క ఉంటె చాలు" అని లక్క గాజు తీసి గులాబీ పక్కన పెట్టాను. "దీనికి మ్యాచింగ్ జూపియ్యి."

సేటు గాజు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "చీరకు మ్యాచింగ్ జాకిట్ ఉంటది. జాకిట్‌కు మ్యాచింగ్ గాజులుంటయి. గాజులకు మ్యాచింగ్ మూతి యాడుంటది బేటీ?"

"ఇయ్యాల్టి సంది ఉంటది" అన్నాను.

మేం పోతామనుకున్నాడు, పోలేదు. కూర్చోమనలేదు (అదీ గుర్తుంది), నిలబడే ఒక్కొక్కటి తీయించాను. అత్త పద్ధతిలోనే గడప దాకా వచ్చి, మణికట్టు లోపలి వైపు గీత గీసి, ఎండలో గాజు పక్కన పెట్టి చూశాం. బిస్కెట్ చెయ్యి ఒకవైపు, నా చెయ్యి ఒకవైపు. నారింజ కలిసిన ఎరుపు బిస్కెట్ చేతి మీద కాల్చిన ఇటుకలా వెచ్చగా ఉంది, నా చేతి మీద దద్దురు లేచినట్టు ఉంది. అల్లనేరేడు రంగు నా చేతి మీద రాజసంగా కూర్చుంది, బిస్కెట్ చేతి మీద ఎవరో గట్టిగా గిల్లినట్టు ఉంది. రంగు గొట్టంలో ఎలా ఉందన్నది లెక్కే కాదు, ఏ ఒంటి మీద పడిందన్నదే లెక్క అని అక్కడ, ఆ గడప మీద మాకు అర్థమైంది. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్లు బురఖాలు పైకెత్తి మరీ సలహాలిచ్చారు. చివరికి సేటు విసిగి అడుగు అరలోంచి ఒక గొట్టం తీసి దుమ్ము దులిపాడు. "ఇది మంచి కంపెనీదే, ఎవ్వరు కొంటలేరు. అందరికీ గులాబే గావాలె." మూత తీస్తే ముదురు ఎరుపు, లోపల కొంచెం వంకాయ ఛాయ. గాజు పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. బిస్కెట్ ఇటుక రంగు కొనుక్కుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేమిద్దరం ఎవరినీ లెక్కచేయలేదు.

పెళ్లినాడు తెల్లవారగానే వాసన వచ్చింది, వెనకాలే అత్త వచ్చింది, ఆమె చేతిలో తడిగుడ్డ, అగ్గిపుల్ల. గది నిండా ఆడవాళ్లు. గుమ్మం దగ్గర బాపు నా వైపు చేతులు జోడించినంత పని చేశాడు. అత్త అగ్గిపుల్లతో గులాబీ గీరి నా గదవ పట్టుకుంది.

"అత్తా, ఒక్క మాట. ముందుగాల నాకు గులాబీ గాజులు తొడుగు. తర్వాత గులాబీ లిప్‌స్టిక్ పెట్టుకుంట."

"పిచ్చి లేసిందా? నీ చేతికి గులాబీ గాజులేంది? చెయ్యి సచ్చిపోయినట్లుంటదని జెప్పలె?"

"మరి మూతి సచ్చిపోవచ్చా? చెయ్యీ నాదే, మూతీ నాదే. చేతికొక న్యాయం, మూతికొక న్యాయమా అత్తా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అత్త ముఖం ఎర్రబడింది. (ఆ ఎరుపు కూడా ఆమెకు నప్పింది, చెప్పకేం.) నేను సంచిలోంచి గొట్టం తీసి ఇచ్చాను. ఏనాడూ ఆడబిడ్డ మాటకు ఎదురు చెప్పని మా అమ్మ, మారు మాట్లాడకుండా అద్దం తీసుకొచ్చి కిటికీ వెలుతురులో పట్టుకుని నిలబడింది. ఆ అద్దాన్ని నేను ఎప్పటికీ మరిచిపోను.

చివరికి అత్తలోని గాజుల మనిషి గెలిచింది. నన్ను కిటికీ దగ్గరికి లాగింది. నా మణికట్టు నా గదవ పక్కన పెట్టి గాజూ గొట్టమూ చూసింది. అగ్గిపుల్ల పారేసి, నేరుగా, మందంగా, ధారాళంగా రాసింది. వెనక్కి జరిగి చూసింది. పిన్ని "అబ్బ, పిల్ల ముఖం ఎంత కళగున్నది!" అంది. అప్పుడు సెంటు అత్త అన్న మాటకు నాకు కడుపు మండిపోయింది. "ఉండదా మరి? మెహరూన్ అని జెప్పింది నేనే గద!"

గెలిచాను. కానీ గెలుపు ఆమె తన పేరు మీద రాసుకుంది. ఆ పూట నుంచే ఆడవాళ్లంతా ఆమె ముందు చేతులు చాపి "నాకేది అత్తా, నాకేది వదినా" అని వరస కట్టారు. ఆమె పెద్ద డాక్టరులా "నీకు ఇటుక, నీకు నేరేడు, నువ్వు గులాబీ జోలికి వోకు" అని తీర్పులు చెబుతూ పోయింది. మూతి తప్పు అన్న మాట మాత్రం ఇంకా అలాగే ఉంది. తాళి కట్టించుకుంటూ కూడా నేను దాని గురించే ఆలోచించాను.

ఆ బాకీ ఫోటో స్టూడియోలో తీరింది. అప్పట్లో నలుపు తెలుపు ఫోటో తీసి, పెద్దది చేసి, సన్న కుంచెతో చీరలకూ పూలకూ రంగులద్దేవాళ్లు. పెళ్లయిన కొన్ని వారాలకు ఫోటో తయారైందంటే, అందరికంటే ముందు తానే చూడాలని అత్త నాతో బయల్దేరింది. ఫోటో చేతికి తీసుకుని చూశాను. ఫోటోగ్రాఫరు నాకూ, అమ్మకూ, అత్తకూ, పిన్నికీ, ఆడవాళ్లందరికీ ఒకే లేత గులాబీ పెదవులు పెట్టాడు. నేను ఇంత చేసి, ఇన్ని గడపలెక్కి, చివరికి సున్నం మూతితోనే గోడకెక్కబోతున్నాను. నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి గొంతు లేచింది.

"ఏంది భాయ్ గిది? ఈ పోరి మూతికి గులాబీనా?"

"లేడీస్ అంటే గులాబీయే గదమ్మా" అన్నాడాయన. "ఇంపోర్టెడ్ రంగది, దాంట్ల ఖరాబీ లేదు. అమ్మాయి ముఖమే జర సావ్లా, నలుపు గద, అందుకే గట్ల కనబడ్తున్నది."

సెంటు అత్త చీర చెంగు నడుముకు దోపింది. వాసన స్టూడియో అంతా నిండింది.

"మూతిదేం తప్పు లేదు భాయ్. నీ రంగుదే తప్పు. తుడువు!"

తుడిచాడు. ఆమె పక్కన నిలబడి, తన చేతి వేలితో చూపిస్తూ, ఇంకా ముదురు, ఇంకా ముదురు అంటూ ముదురు ఎరుపు దిద్దించింది. తాను ఏం మాట వెనక్కి తీసుకుందో ఆమెకు తెలియదు, నేను చెప్పనూ లేదు. నేను అందుకున్నాను, అది చాలు.

ఆ ఫోటో ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది. చీర పచ్చదనం వెలిసింది, పూలు తెల్లబడ్డాయి, మా ఆయన తలపాగా ఏ రంగో ఆయనకే గుర్తులేదు. ఆమె దగ్గరుండి అన్ని పూతలు వేయించడం వల్ల కాబోలు, నా పెదవులు మాత్రం నిన్న దిద్దినట్టే ఉన్నాయి. సెంటు అత్త ఇప్పుడు లేదు. అప్పుడప్పుడు ఆ ఫోటో దుమ్ము తుడుస్తుంటే, పెళ్లిపీటల మీద కూడా పాత మాటనే నమిలి ఉడికిపోతున్న ఆ నల్లపిల్ల మూతి బిగించి నన్ను చూస్తుంది. "ఇక నవ్వవే, గెలిచావు కదా" అంటాను. నవ్వదు. నవ్వకు, మాట్లాడకు, నీళ్లు తాగకు అని అత్త చెప్పింది మరి.