చుక్కల గీతలో ఖడ్గమృగం

కోవిడ్ రోజుల్లో ములింగార్ అనే ఐరిష్ ఊరి వైపు వెళ్లే రైలు పెట్టెలో ఇద్దరమే ఉన్నాం. మా మధ్య రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా తప్పుకునేంత ఎడం. పలకరిస్తే తెలుగమ్మాయి. మ్యూజియంలో ఎముకల మీద పరిశోధన చేస్తోందట. ఆమె ఒళ్లో కాగితం మీద గీసిన ఖడ్గమృగం బొమ్మ ఉంది.

"సగం బొమ్మకి చుక్కలేనా అమ్మా? ఇంకు కూడా లాక్‌డౌన్‌లో ఉందా?" అన్నాను.

"కాదంకుల్. తొలిరోజుల శాస్త్రజ్ఞులు చాలామంది బతికున్న ఖడ్గమృగాన్ని చూసెరగరు. మ్యూజియంకొచ్చిన ఎముకలే దిక్కు. అందుకే మేం కళ్లతో చూసింది నిండు గీత గీస్తాం, ఊహించింది చుక్కల గీత."

నా మాస్కు వెనక మీసాన్ని కూడా ఊహించమనబోయాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మా ఆయన్ని నిన్ననే ఆస్పత్రి నుంచి పంపారు. నెల్లాళ్లూ ఫోన్లో ఇక్కడివాళ్లలా 'ఐయామ్ గ్రాండ్', బాగానే ఉన్నాననడమే, కెమెరా మాత్రం ఆన్ చేసేవాడు కాదు. మనిషి ఎంత మిగిలాడో తెలీదంకుల్."



ములింగార్‌లో ఆమె దిగింది. ప్లాట్‌ఫాం మీద స్నేహితుడి భుజం పట్టుకుని, హ్యాంగరుకి తగిలించిన కోటులా ఒకతను నిలబడి ఉన్నాడు. ఆమె పరిగెత్తలేదు. మెల్లగా దగ్గరికెళ్లి అతని దవడ తడిమింది, మెడ తడిమింది, భుజాలు తడిమింది. అతని వీపు అదరడం మొదలైంది. నవ్వో ఏడుపో తేలకముందే రైలు కదిలింది.

నవ్వేనని ఇన్నేళ్లుగా నేనే అనుకుంటున్నాను.