ఆరు బండలు, ఒక దుప్పటి

వాడలో ఆమెను అందరూ గుర్తులక్క అనేవారు. ఆస్పత్రి దుప్పట్లూ హోటలు తువ్వాళ్ళూ కలిసిపోకుండా ప్రతి బట్ట అంచునా చెరగని సిరాతో చుక్కో గీతో పెట్టేది ఆమే. ఏ మరక ఎవరింటిదో కూడా చెప్పేసేది. అలాంటి మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని మరిచిపోతుందా? చెప్పండి!

కాలువ పక్కన ఆరు ఉతుకుడు బండలుండేవి. ఆరుగురు ఆడవాళ్ళ బతుకూ వాటి మీదే. నాలుగేళ్ళ కిందట మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. బాగా చదువుకున్న మనిషి, మాట వెన్నపూస. "ఇరవై ఏళ్ళకి మీ వాడ ఎలా ఉండాలో మీరే గీయండమ్మా. మీ కలే మాకు ప్లాను" అంది. అంతకుముందు వీళ్ళని ఎవరడిగారు గనక! పిచ్చితల్లులు మురిసిపోయారు. పని మానుకుని, పాత దుప్పటి పరిచి, బండల మీద నీడ, పిల్లలు ఆడుకునే చోటు, ఉతికిన నీళ్ళు ఇసుక గుంటల్లో తేరుకుని చెట్లకు పారడం, అన్నీ గీశారు. గుర్తులక్క అలవాటు కొద్దీ మూలన ఆరుగురి గుర్తులూ పెట్టింది.

మేడం దుప్పటి పట్టుకుపోయింది. రెండేళ్ళకు అక్కడ పార్కు లేచింది, అచ్చు ఆ బొమ్మలాగే. బండలు మాత్రం లేవు. వాటి చోట కంట్రాక్టరు మిషన్ల లాండ్రీ వెలిసింది. దుప్పటేమో ఆఫీసు గోడకు అద్దాల చట్రంలో వేలాడుతోంది, కింద మేడం పేరుతో. గుర్తులున్న మూలను లోపలికి మడిచేశారు. గుర్తులక్క వెళ్ళి అది కళ్ళారా చూసొచ్చింది.

"మన ఉసురు తగలకపోతుందా, అక్కా" అంది ఆరుగురిలో ఒకతైన తోడికోడలు, బండలు పోయాక ఇంటి తొట్టి దగ్గరే ఉతికి ఉతికి నడుం పట్టుకుని.

"దానంతటది తగలదే. మనమే తగిలించాలి."

ఆ ఎండాకాలం పార్కులో చెట్లు పసుపెక్కి, ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. ఎందుకో ఆరుగురికీ తెలుసు: లాండ్రీ వదిలే బ్లీచింగు నీళ్ళు తిన్నగా చెట్లకే పారుతున్నాయి. అలాంటి నీళ్ళను ఈ ఆరుగురూ ఎప్పుడూ వేరే గుంటలో పోసి, రెండ్రోజులు ఎండలో ఉంచి గానీ వదిలేవారు కాదు. ఆ గుంటను దుప్పటి మీద గీయలేదు. వంటిల్లు గీసేవాళ్ళు బియ్యంలో రాళ్ళేరడం కూడా గీస్తారా ఏమిటి? గుర్తులక్క రోజూ సాయంత్రం వెళ్ళి, రాలిన ఆకులు చూసి, హాయిగా ఇంటికొచ్చేది.

"పాపం, చెట్లేం చేశాయక్కా?" అంది తోడికోడలు.

"చెట్లు మళ్ళీ మొలుస్తాయి. బండలు మొలవ్వు."

చివరికి మేడం రానే వచ్చింది, చంకలో చార్టు చుట్టలతో. వారంలో పై ఆఫీసర్లు పార్కు చూడ్డానికొస్తున్నారట. గుర్తులక్క ఇస్త్రీ ఆపలేదు.

"చెట్లు ఎందుకు చస్తున్నాయో మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

మేడం మొహం మాడిపోయింది. "ఇప్పుడడుగుతున్నానమ్మా. మళ్ళీ కలిసి గీద్దాం."

"ముందు మా బండలు. ఆరూ, ఉన్న చోటే. ఆఫీసు స్టాంపు పడ్డ కాగితం నా చేతికి రావాలి. ఆ దుప్పటి కూడా రావాలి. అప్పుడు నోరు విప్పుతా."

నాలుగో రోజుకు కాగితమొచ్చింది, లాండ్రీ మిషన్లు పక్కకు జరిగాయి, వాటి చోట బండలొచ్చాయి, దుప్పటీ వచ్చింది. మేడం చార్టు పరిచి పెన్సిలు చేతికివ్వబోయింది.

"మేం గీయం. మేం చెప్తాం, మీరు గీయండి."

తడి బండ మీద గొంతుక్కూర్చుని మేడం గీసింది. ఆరుగురూ చుట్టూ నిలబడ్డారు. "అక్కడ కాదు, చెరపండి!" "గుంట అంత చిన్నదా? కళ్ళు కనపడట్లేదా?" మధ్యాహ్నానికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. ఒక్కరూ అయ్యో అనలేదు. గుర్తులక్కకు అంత తృప్తి జన్మలో లేదు.

చార్టు అంచున ఆరు గుర్తులూ పెట్టింది. సిరా ఇంకా మిగిలింది. ఏం తోచిందో, మేడం తెల్ల చున్నీ చెంగు లాగి, దాని మీద కూడా తన గుర్తు దిట్టంగా వేసింది.

"అయ్యయ్యో, ఇదేంటమ్మా?"

"ఎవరి దగ్గర నేర్చుకున్నారో మర్చిపోకుండా."

మేడం ఏదో నవ్వేసి, చెంగు దులుపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సిరా ఏ సబ్బుకీ పోదని గుర్తులక్క చెప్పలేదు. ఆమె అడగలేదుగా.