బాబాయి ఆడిన కొనుగోళ్ల ఆట

గోడౌన్‌లో అందరూ బాబాయి అని పిలిచే స్టోర్‌కీపర్ గొంతెత్తితే రేకుల కప్పు మీది పావురాలు కాపురాలు మార్చేసేవి. సరుకు కాస్త ఆలస్యమైతే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "కొనుగోళ్ల అమ్మాయి నిద్రపోతోందర్రా!" అని అరిచి, ఎందుకైనా మంచిదని రెట్టింపు అడిగేవాడు. ఆమెను తీసేయమని ఆ ఉదయమే మేనేజరు చెవిన వేసి, సిబ్బందికి కలిసి పనిచేయడం నేర్పే వ్యాపారపు ఆటకు వచ్చి కూర్చున్నాడు. ఆటలో కొనుగోళ్లు ఆయనవి, గోడౌన్ ఆమెది, గోడౌన్ నుంచి సరుకు తీసుకునే దుకాణం ఇంకో బల్ల మీద, సరుకుకు బదులు ప్లాస్టిక్ బిళ్లలు. ఒకసారి బిళ్లలు ఆలస్యం కాగానే ఆమె రెట్టింపు అడిగింది, అవి అందేలోపే మళ్లీ రెట్టింపు. బాబాయికి చెమటలు పట్టాయి.

"ఇలా మీదపడితే ఎక్కణ్ణుంచి తెచ్చేదమ్మా?"

"నిద్రపోతున్నారా బాబాయ్?" అంది ఆమె, అచ్చం ఆయన గొంతుతో. గది గొల్లుమంది.

చివర్లో ఆట ఆడించిన శిక్షకుడు దుకాణం బల్ల మీది లెక్క చూపించాడు. దుకాణానికొచ్చి కొనేవాళ్లు మొదటినుంచీ అడిగింది ప్రతిసారీ నాలుగు బిళ్లలే. కరువంతా వీళ్ల కంగారులోంచే పుట్టింది. బాబాయి తడబడుతూ లేచి మేనేజరు దగ్గరికెళ్లాడు.

"సార్, పొద్దున నేనన్న మాట..."

"మీరు చెప్పాక ఆలస్యం చేస్తానా? సంతకం పెట్టేశాను."

వెనక ఆమె బిళ్లలు ఏరుతూ నవ్వుతోంది. "బాబాయ్, ఇంకో ఆట వేద్దామా?"