రెండు కోతల పొట్టేలు

ఆ పొట్టేలును ఆటో ఎక్కించిన రోజు నా అంత సంతోషంగా ఉన్న మనిషి జమ్మలమడుగులో లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఇల్లు జమ్మలమడుగు శివారులో. పదిహేను గొర్రెలు, అవే మా అత్త లోకం. నేను పులివెందులలో బడి అటెండరు కూతురిని. కులం గొర్రెలోళ్ళదే అయినా గొర్రెను ముట్టుకున్నది పెళ్ళయ్యాకే. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి వచ్చి పడుకుంటాడు. ఇంట్లో మాటలన్నీ నావీ అత్తవే.

నా కూతురికి రెండో ఏట జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో రెండు రోజులు కళ్ళు తెరవలేదు. లోపల మంచం పక్కన నేను, బయట వరండాలో అత్త. ఎవరినో చూడ్డానికి వచ్చిన ఒక రిటైరైన నర్సక్క నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అప్పుడే నేను ప్రభువుకు మాటిచ్చాను. బిడ్డను ఉయ్యాలలో వేసిన నాడు అత్త దాని పేరున విడిచిన పొట్టేలు పిల్ల ఉంది కదా, బిడ్డ బతికితే దాన్ని నీ సంఘానికి విందు పెడతానని. మూడో రోజు బిడ్డ పాలు అడిగింది.

ఊళ్ళో చర్చికి పోతే అత్తకు తెలుస్తుందని, కుట్టు నేర్చుకుంటున్నానని అబద్ధమాడి ప్రొద్దుటూరు బస్సెక్కేదాన్ని. అక్కడ నర్సక్క వెళ్ళే సంఘం ఒక రేకుల షెడ్డులో నడిచేది. మొదట్లో చెప్పుల దగ్గర కూర్చునేదాన్ని. తర్వాత చాప మీదికి జరిగాను. పైకి ప్రార్థన చెయ్యమంటే "ప్రభువా" అని ఆగిపోయి ఏడ్చేశాను. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వలేదు. నాతోపాటు ఏడ్చారు. కన్నవాళ్ళ దగ్గర కూడా అంత చనువుగా ఉండలేదు నేను.

ఏడాది తర్వాత సంఘంలో అందరూ కలిసి తినే ప్రేమ విందు పెట్టారు. సరిగ్గా ఆ వారమే అత్త చెల్లెలింటికి పెళ్ళికి వెళ్ళింది. దేవుడే దారి చూపించాడనుకున్నాను, చూడండి నా తెలివి! పొట్టేలును పట్టుకుంటే చెవికి రెండు కోతలు కనిపించాయి. మా మందలో అన్నిటికీ చెవికి ఒక కోత ఉంటుంది, అది ఇంటి గుర్తు. ఒకటైతేనేం, రెండైతేనేం అనుకున్నాను. ఆటోలో అది నా చీర కొంగు నములుతూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం అందరం కడుపునిండా తిన్నాం.

అత్త వచ్చి మందలోకి వెళ్ళి, వెంటనే బయటికొచ్చింది.

"బిడ్డ పొట్టేలు యాడమ్మే?"

చర్చి సంగతి, మొక్కు సంగతి అన్నీ చెప్పేశాను. తిడుతుందని కాచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. గడప మీద కూలబడింది.

"రెండో కోత సూడలేదా? అది మనూరి అమ్మోరికి మొక్కిన గుర్తు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నెప్పుడు నేను మొక్కినా. పైకి చెప్తే మొక్కు చెడతాదని ఎవురికీ చెప్పలా. గుర్తు పెట్టినంక ఇంగో పొట్టేలు పనికిరాదు. జాతరకు నేనేం తీసకపోవాల? ఆయమ్మ ఊరకుండదు మే!"

ఒకే బిడ్డకోసం, ఒకే ఆసుపత్రిలో, ఒకే పొట్టేలును ఇద్దరం ఇద్దరికి ఇచ్చేశాం.

జాతరకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. అత్త రోజూ పొద్దున బిడ్డ నుదురు తాకి చూసేది. నాకు భయం లేదని సంఘంలో గట్టిగా చెప్పాను. ఇంటికొచ్చి నేనూ నుదురు తాకి చూసేదాన్ని.

జాతర నాటి ఉదయం బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది.

అత్త తలస్నానం చేసి, ఒట్టి చేతులతో జాతరకు నడుచుకుంటూ వెళ్ళింది. నేను డాక్టరు ఇచ్చిన మందు తాగించి, తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. అప్పుడే అత్త వాకిట్లోకి వచ్చింది.

"తగ్గిందా?" అంది, ముందే తెలిసినట్టు.

"ఏం చెప్పొచ్చినావత్తా?"

"ఏముంది, పొట్టేలు లేదు, దాని బదులు నేనుండాను కదా తల్లీ అని చెప్పినా."

ఆ వారం నుంచే ఆమె తిండి తగ్గింది. డాక్టర్లు ఏమీ లేదన్నారు. గొర్రెలను ఒక్కొక్కటిగా చెల్లెలింటికి తోలించింది. ఎందుకని అడిగితే, "నువ్వు కాయలేవులే మే" అని నవ్వుతుంది.

పోయిన ఆదివారం పాస్టరయ్య మన బదులు ప్రాణమిచ్చిన ఆయన గురించి చెప్పాడు. ఏడాదిగా ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం తలెత్తలేకపోయాను. చివర్లో ప్రార్థన అవసరాలు అడిగితే నా అంతట నేనే లేచాను.

"మా అత్తను తీసుకోవద్దని చెప్పండి" అన్నాను.

నర్సక్క లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "చెప్దాం తల్లీ. ఎవరితో చెప్పమంటావు?" అని మెల్లగా అడిగింది.

షెడ్డులో అందరూ నావైపే చూస్తున్నారు. ప్రభువు పేరూ, ఆయమ్మ పేరూ రెండూ నా నోటిదాకా వచ్చాయి.