వింతల మూలలో ఇప్పపువ్వు

బస్తరు ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న రోజుల్లో నేను మరైగూడ సంతలో ఉప్పు అమ్మేవాణ్ణి. పక్కన ఇంకో ఉప్పువాడుంటే, జనాన్ని మన గోనె దగ్గర నిలబెట్టేవి కబుర్లే. నా బండెద్దును ఎత్తుకుపోయిన పులి, దాని మొండితనం భరించలేక తెల్లారేసరికి తిరిగి తోలుకొచ్చి కట్టేసిందని చెప్పేవాణ్ణి. అందులో సగం నిజమేనని ఇప్పటికీ అంటాను.

గోదావరి ఒడ్డు పట్నంలో వారపత్రిక నడిపే పెద్దమనిషి ఒకాయన కలప బేరానికి వచ్చి ఆ కథ విన్నాడు. పడీ పడీ నవ్వి, ఇలాంటివి రాసి పంపితే అచ్చేస్తానన్నాడు. అలా ఉప్పుగోనె మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే విలేకరినయ్యాను. పత్రిక ఉప్పుబళ్లలోనే వచ్చేది. సంతలో నేనే చదివి, అక్కడి డోర్ల జనం మాట్లాడే డోర్లీలో చెప్పేవాణ్ణి.

ఒక ఏడు సరిగ్గా ఇప్పపువ్వు రాలే కాలంలో అడవిశాఖ దొర కాంపుకొచ్చాడు. డేరాలు మొయ్యడానికి భేజ్జి వైపు మనుషుల్ని బేగారీకి పట్టుకుపోయారు. కూలి లేని చాకిరీ. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కకముందే ఏరుకోకపోతే పశువుల పాలు. వానాకాలంలో వాళ్ల తిండి అదే, ఉప్పుకు మారకమూ అదే. నాకు బాగా దగ్గరైన డోర్ల రైతు ఒకడు కాయలు కాచిన భుజం చూపించాడు.

"నీ కాయితంల ఇది రాయి బావా. అచ్చయితే జగదల్‌పూరుల రాజు దాకా పోతది. వచ్చే ఏడన్నా మమ్మల్ని చెట్టు కింద ఉండనిస్తరు."

రాశాను. పులి లేదు, ఎద్దు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఉప్పూకారం చల్లకుండా రాసింది అదొక్కటే.

పత్రిక వచ్చిన సంతకు అతను ఊరివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వార్త కోసం పేజీలన్నీ తిప్పాను. చివరికి, నా పులి కథలు వేసే వింతల మూలలో దొరికింది. పువ్వు నోట్లో రాలుతుందని చెట్ల కింద నోళ్లు తెరుచుకు కూర్చున్న అడవివాళ్లకు, దయగల దొరగారు పని చెప్పి బద్ధకం వదిలించారట. రాసింది "మన పులి విలేకరి" అట. కాగితం మడిచెయ్యబోయాను. పక్క ఉప్పువాడు కాగితం లాక్కుని చదివాడు, డోర్లీలో కూడా వాడే చెప్పాడు. సంత నవ్వింది.

నేను రాసింది అది కాదని ఒట్టు పెట్టుకున్నాను.

"పులి మాట మారలే గద బావా," అన్నాడతను. "మాదే ఎట్ల మారింది?"

తర్వాతి ఉప్పుబండితో పట్నం వెళ్లి పెద్దమనిషిని నిలదీశాను. ఆయన కాఫీ తెప్పించాడు.

"ఆ దొర చెయ్యి ఊపకపోతే నా దుంగ ఒక్కటీ ఏరు దాటదయ్యా. అయినా నీ రాత చూస్తే జనం నవ్వుకుంటారు, మంచిదేగా. ఇంకో పులిని పంపు."

కాఫీ ముట్టకుండా లేచొచ్చాను. పత్రిక మార్చానుగాని విలేకరి పని మానలేదు. ఈ వయసుదాకా అదే నా బతుకు.

తర్వాతి ఏడు కూడా బేగారీ తప్పలేదు. అది ముగిశాక ఆ డోర్ల రైతు సంతకొచ్చాడు. మా మధ్య ఎప్పుడూ డోర్లీనే. ఆ రోజు మాత్రం, ముక్కూమొహం తెలియని వర్తకుడితో మాట్లాడినట్టు, బస్తరు బజారు భాష హల్బీలో ఉప్పు ధర అడిగాడు. నేనూ హల్బీలోనే చెప్పాను. ఎక్కువని, పక్క గోనె దగ్గరికి వెళ్లాడు.